తుఫానులో ఫోన్లు పోయాక ఊరికి కబురెలా చేరాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ ఊరు కోనసీమలో, సముద్రానికి ఐదారు కిలోమీటర్ల దూరంలో ఉంది. మీది హైదరాబాద్‌లో ఉద్యోగం, అమ్మానాన్నలు ఊళ్లోనే ఉంటారు. అక్టోబరు, నవంబరు వచ్చిందంటే టెన్షన్. ఒకసారి తుఫాను వచ్చి మూడు రోజుల పాటు ఇంటికి ఫోన్ కలవలేదు. ఇప్పుడు ఊరి కుర్రాళ్లూ బయట ఉన్నవాళ్లూ కలిసి రెండు లక్షలు పోగేశారు. కువైట్‌లో ఉన్న మీ బాబాయిగారి అబ్బాయి శాటిలైట్ ఫోన్ తెస్తానంటున్నాడు. ఒకరు వాకీటాకీలు కొనాలంటారు, ఇంకొకరు యాప్ చేయిద్దామంటారు. ఏది మేలు?

నేను ప్రభుత్వ వైర్‌లెస్ కొలువులో ముప్పై ఏళ్లు ఉన్నాను. దాదాపు అంతా కృష్ణా, గోదావరి, విశాఖ తీరాల్లోనే. హ్యామ్ లైసెన్సు, అంటే సొంతంగా రేడియో సెట్టు నడుపుకుని దూరాలతో మాట్లాడే అనుమతి, అది కూడా ఉంది. 1990 మే తుఫాను నుంచి 2014 హుద్‌హుద్ దాకా సెట్టు ముందు కూర్చున్నవాణ్ణి. ఏం కొనాలో చెబుతాను. కానీ దానికంటే ముందు ఒక సంగతి చెప్పకపోతే మీరు ఏం కొన్నా అది బీరువాలో పడి ఉంటుంది.

"ఓడరేవుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు" అని వార్తల్లో మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఆ నంబర్లు ఎన్ని ఉంటాయో చాలామందికి తెలియదు. మొత్తం పదకొండు. ఎనిమిది, తొమ్మిది, పది అంటే మహా ప్రమాదం. తుఫాను ఆ రేవు మీదికో, దాని పక్కకో వస్తోందని. పదకొండు అంటే పదిని మించిన గాలి అనుకుంటారు. కాదు. తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, వాతావరణం చెడేలా ఉందని రేవు అధికారికి అనిపిస్తోంది, అది దాని అర్థం. కబురు రాకపోవడాన్నే ఒక హెచ్చరికగా లెక్కగట్టారన్నమాట. టెలిగ్రాఫు తీగల రోజుల నాటి బుద్ధి అది. సెల్‌ఫోన్లు వచ్చాక మనం దాన్ని మరిచిపోయాం.

నాకు ఆ నంబరు విలువ తెలిసింది 1996 నవంబరు 6న. ఆ రాత్రి తుఫాను కాకినాడకు దక్షిణంగా మీ సీమలోనే తీరం దాటింది. నేను లోపలి మండలంలో ఒక ఆఫీసులో సెట్టు డ్యూటీలో ఉన్నాను. తీరంలో ఉన్న ఒక ఊరి నుంచి ఒక కుర్రాడు గంట గంటకూ పలుకుతున్నాడు. మధ్యాహ్నం రెండింటికి గాలి పెరిగిందన్నాడు. మూడింటికి కొబ్బరి మట్టలు ఎగిరిపోతున్నాయన్నాడు. నాలుగింటికి పలకలేదు. రెండుసార్లు పిలిచాను, చెవిలో గరగర తప్ప ఏమీ లేదు. బ్యాటరీ అయిపోయి ఉంటుందిలే అనుకున్నాను. లాగ్ బుక్‌లో "4.00 – కాంటాక్ట్ లేదు" అని రాసి పక్క స్టేషన్‌ను పిలిచాను. పై అధికారికి చెప్పాలని తోచలేదు. ఆ ఊరివాళ్లు కూడా అటువైపు అలాగే అనుకున్నారట. సెట్టు మూగబోయింది, మళ్లీ కబురొస్తే అప్పుడు బయల్దేరదాం అని ఇళ్లలోనే కూర్చున్నారు. ఇంకో గంటన్నర వెలుతురు మిగిలి ఉండగా కదలాల్సినవాళ్లు చీకట్లో, కూలుతున్న కొబ్బరి చెట్ల కింద నుంచి స్కూలు బిల్డింగుకు పరిగెత్తారు. అందరూ చేరలేదు. ఆ తుఫానులో వెయ్యి మంది దాకా పోయారు. వేటకు పోయిన మత్స్యకారులు ఎంతోమంది తిరిగి రాలేదు. ఆ లాగ్ బుక్ పేజీ నాకు ఇప్పటికీ కళ్ల ముందు కనిపిస్తుంది.

అందుకే మీ ఊరికి నేను చెప్పే మొదటి మాట ఏ వస్తువు గురించీ కాదు, ఒక నియమం గురించి. తుఫాను హెచ్చరిక ఉన్న రోజు నెట్‌వర్క్ పోయిందంటే, అదే ఆఖరి హెచ్చరిక. ఎవరో వచ్చి చెబుతారని చూడకూడదు, వెలుతురుండగానే షెల్టరుకు కదలాలి. ఈ ఒక్క మాటను పంచాయతీలో అందరి ముందూ తీర్మానం చేసి, షెల్టరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. పెయింటు ఖర్చు తప్ప ఇంకేమీ లేదు.

ఫోన్లు ఎందుకు పోతాయో కూడా ఊళ్లో వాళ్లకు తెలియాలి. తెలిస్తే భయం తగ్గుతుంది, ఏర్పాటు కూడా సరిగ్గా చేసుకుంటారు. గాలి ముదరకముందే కరెంటువాళ్లు లైను ఆపేస్తారు. తెగిన తీగ తగిలి మనుషులు పోకూడదని అలా చేస్తారు, అది మంచిదే. అప్పటి నుంచి టవరు బ్యాటరీ మీద బతుకుతుంది. నేను చూసిన పల్లెటూరి టవర్లలో ఆ బ్యాటరీ నాలుగైదు గంటలు నిలిస్తే గొప్ప. తరవాత జనరేటరు. దానికి డీజిల్ పోయాలి, పోయడానికి మనిషి రావాలి, ఆ మనిషి రావడానికి రోడ్డు ఉండాలి. మీ సీమలో రోడ్డుకు రెండు వైపులా కొబ్బరి చెట్లే కాబట్టి ఒక్క కిలోమీటరులో ఇరవై చెట్లు అడ్డం పడి ఉంటాయి. పోనీ టవరు నిలబడింది, డీజిల్ కూడా ఉందనుకోండి. ఆ టవరు నుంచి బయటికి పోయే ఫైబరు తీగ చాలా చోట్ల కరెంటు స్తంభాల మీద నుంచే పోతుంది. స్తంభం పడితే అదీ తెగుతుంది. అప్పుడు ఫోన్ మీద సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి, కాల్ మాత్రం పోదు. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12, ఆదివారం. మహానగరం, అన్ని కంపెనీల టవర్లూ ఉన్నాయి. అయినా మర్నాడు మద్దిలపాలెంలో ఒక జిరాక్స్ షాపాయన చిన్న జనరేటరు పెట్టి, ఒక్కో ఫోన్‌కు పది నిమిషాల చొప్పున చార్జింగ్ ఇస్తుంటే వంద మంది లైన్లో నిలబడటం నేను చూశాను. చార్జింగ్ అయినవాళ్లు చెయ్యి పైకెత్తి పట్టుకుని సిగ్నల్ కోసం రోడ్డు వెంట నడుస్తున్నారు. నగరానికే అలా అయితే ఊరి సంగతి చెప్పాలా?

అలాగని పెద్ద వ్యవస్థల్ని నమ్మొద్దని నా ఉద్దేశం కాదు. అవి లేని రోజులు ఎలా ఉండేవో మా ముందు తరం చూసింది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. తీగలు తెగి, దారులు మునిగి, అక్కడ జరిగిన ఘోరం బయటి ప్రపంచానికి సరిగ్గా తెలియడానికే సమయం పట్టింది. ఆ తరవాత మచిలీపట్నంలో తుఫానుల్ని కనిపెట్టే రాడార్ పెట్టారు. ఇన్‌శాట్ వచ్చాక తీర మండలాల్లో ఉపగ్రహ రిసీవర్లు పెట్టారు. సైరన్ మోగి, ఆ తరవాత తెలుగులో మాట వినిపించే పెట్టెలవి. 1990 మే 9న దాదాపు అంతే తీవ్రమైన తుఫాను అదే కృష్ణా తీరానికి వచ్చింది. నేను కొలువులో చేరిన కొత్త. లక్షల మందిని ముందే ఖాళీ చేయించారు. వెయ్యికి లోపు ప్రాణాలు పోయాయి. అది చిన్న నష్టం అనను, కానీ పదమూడేళ్ల క్రితం లెక్క పక్కన పెట్టి చూడండి. ఒడిశాలోనూ అంతే. 1999 సూపర్ సైక్లోన్‌కు పదివేల మంది దాకా పోతే, 2013లో ఫైలిన్‌కు దాదాపు పది లక్షల మందిని తరలించి మరణాలను పదుల్లోకి తెచ్చారు. హెచ్చరిక పుట్టించే పని మన దేశం బాగానే నేర్చుకుంది. మండల ఆఫీసు నుంచి మీ ఊరి చివరి ఇంటి దాకా ఆ హెచ్చరికను మోసుకుపోవడమే ఇప్పటికీ తెగే పోగు. మీ రెండు లక్షలూ ఆ పోగు మీదే పెట్టాలి.

ఇక మీరు అడిగిన వస్తువుల సంగతి.

శాటిలైట్ ఫోన్ వద్దు. మీ తమ్ముడికి ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి. మన దేశంలో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ పెట్టుకోవడం నేరం. గల్ఫ్‌లో బజారులో దొరికే తురయా, ఇరిడియం ఫోన్లకు ఇక్కడ అనుమతే లేదు. ఎయిర్‌పోర్టులో పట్టుబడితే కేసు అవుతుంది. సాయం చేద్దామని తెచ్చి కోర్టుల చుట్టూ తిరగడం ఎందుకు? పైగా ఊరికి ఒక్క శాటిలైట్ ఫోన్ ఉంటే దానితో కలెక్టరేట్‌కు మాట్లాడగలరేమో గానీ, చెరువు గట్టు అవతల ఉన్న పది ఇళ్లకు కబురు చెప్పలేరు.

యాప్ కూడా వద్దు. పనికొచ్చేవి ఇప్పటికే ఉన్నాయి. పిడుగుల కోసం దామిని, ప్రభుత్వ హెచ్చరికల కోసం సచేత్ ఉన్నాయి. వాటిని పెట్టుకుంటే చాలు. యాప్ కంటే ముఖ్యమైనది ఇంకొకటి మీ ఫోన్లోనే ఉంది. 2023లో ఒక రోజు అందరి ఫోన్లూ ఒక్కసారిగా పెద్ద మోత మోగి, జనం బెదిరిపోయారు గుర్తుందా? అది సెల్ బ్రాడ్‌కాస్ట్ పరీక్ష. మామూలు ఎస్సెమ్మెస్ ఒక్కో నంబరుకూ విడివిడిగా పోవాలి. లక్షల మందికి పంపాలంటే క్యూ కడుతుంది. సెల్ బ్రాడ్‌కాస్ట్ అలా కాదు, టవరు ఒక్కసారి పలికితే ఆ టవరు కింద ఉన్న ఫోన్లన్నీ వింటాయి. నంబరు తెలియక్కర్లేదు, లైన్లు బిజీ కావు, బ్యాలెన్స్ లేకపోయినా, చుట్టపుచూపుగా వచ్చిన మనిషి ఫోన్ అయినా మోగుతుంది. కానీ ఫోన్ ఆన్‌లో ఉండాలి, సెట్టింగుల్లో ఎమర్జెన్సీ అలర్టులు తెరిచి ఉండాలి. ఆ మోతకు భయపడి చాలామంది దాన్ని ఆపేసుకున్నారు. మీ కుర్రాళ్లు ఇద్దరిద్దరుగా ఇంటింటికీ వెళ్లి ప్రతి స్మార్ట్‌ఫోన్లో అది తెరిచి పెట్టాలి. ఒక ఆదివారం పని. వెళ్లినప్పుడు ఇంకో లెక్క కూడా రాసుకోండి: పగటిపూట ఇంట్లో ఫోన్ ఎవరి దగ్గర ఉంటోంది? నేను చూసినంత వరకు చాలా ఇళ్లలో ఉన్న ఒక్క మంచి ఫోనూ మగవాళ్ల జేబులో బయటికి పోతుంది. ఇంట్లో మిగిలేది ముసలమ్మ, కోడలు, పిల్లలు, చార్జింగ్ నిలవని ఒక పాత కీప్యాడ్. వాన పెద్దదవుతుంటే నిర్ణయం తీసుకోవాల్సింది వాళ్లే.

అందుకే నేను డబ్బు పెట్టమనేది ముందుగా మైకు మీద. నవ్వుకోకండి. 12 వోల్టుల బ్యాటరీతో నడిచే ఆంప్లిఫయరు, నాలుగు హారన్లు కొనండి. అహూజా లాంటిది ఏ టౌనులోనైనా దొరుకుతుంది, పాడైతే బాగుచేసేవాడూ దొరుకుతాడు. గుడి మైకు, చర్చి మైకు ఊళ్లో ఉన్నాయి కదా అంటారు. అవి కరెంటుతో నడిచేవి. కావాల్సిన పూటకే పలకవు. హారన్లను సముద్రం వైపు తిప్పకుండా ఇళ్ల వైపు, గాలి వచ్చే దిక్కును లెక్కలో పెట్టుకుని కట్టాలి. మన తీరానికి తుఫాను ముందు గాలి ఎక్కువగా ఈశాన్యం, ఉత్తరం నుంచి కొడుతుంది. గాలికి ఎదురు పలికిన మైకు వంద గజాలు కూడా పోదు. వాటితో పాటు భుజానికి తగిలించుకునే చేతి మైకులు నాలుగు, చేత్తో తిప్పే సైరన్ ఒకటి. చేతి సైరనుకు బ్యాటరీ లేదు, సాఫ్ట్‌వేర్ లేదు, ముప్పై ఏళ్లయినా పలుకుతుంది. బంగ్లాదేశ్‌లో 1970 నవంబరు తుఫానుకు కనీసం మూడు లక్షల మంది పోయాక, 1972లో తుఫాను సంసిద్ధత కార్యక్రమం అని మొదలుపెట్టారు. అప్పట్లో చాలా బీద దేశం. వాళ్లు నమ్ముకున్నది చేతి మైకు, చేతి సైరన్, ట్రాన్సిస్టర్ రేడియో, వెదురు గడకు కట్టే జెండాలు. ఒక జెండా అంటే జాగ్రత్త, మూడు జెండాలంటే షెల్టరుకు పొండి. వాటిని పట్టుకుని తిరిగేది ఆ ఊరి వాలంటీర్లే. ఇప్పుడు డెబ్భై వేల మందికి పైగా ఉన్నారు, వాళ్లలో దాదాపు సగం మంది ఆడవాళ్లు. శాటిలైట్లు, సెల్‌ఫోన్లు వచ్చాక కూడా వాళ్లు ఆ జెండాలను వదల్లేదు.

వాకీటాకీలు కొనండి, కానీ చూసి కొనండి. 446 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే అర వాటు చిన్న సెట్లకు 2018 నుంచి లైసెన్సు అక్కర్లేదు. ఈటీఏ సర్టిఫికెట్, అంటే ఆ పరికరానికి ప్రభుత్వ ఆమోదం, ఉన్న మోడల్ అడిగి కొనండి. ఆన్‌లైన్‌లో చవకగా దొరికే ఐదు వాట్ల చైనా సెట్లు వద్దు. అవి పోలీసు ఫ్రీక్వెన్సీల మీద కూడా పలుకుతాయి. లైసెన్సు లేకుండా అవి వాడితే మీరే ఇబ్బందుల్లో పడతారు. డబ్బా మీద పది కిలోమీటర్లని రాసి ఉంటుంది, దాన్ని నమ్మొద్దు. తడిసిన కొబ్బరి తోటలో ఒక కిలోమీటరు వస్తుంది, ఏటిగట్టు ఎక్కితే రెండు. మీకు అది చాలు. షెల్టరులో ఒకటి, పంచాయతీ దగ్గర ఒకటి, గట్టు మీద నీళ్లు చూసే మనిషి దగ్గర ఒకటి, చివరి పేటలో ఒకటి. ఆరు కొంటే రెండు స్పేర్‌గా ఉంటాయి. వీలైతే డ్రైసెల్స్ వేసుకునే రకం తీసుకోండి. చార్జింగ్ రకమైతే కరెంటు పోయాక అందరికీ ఒకే గతి.

ఊరి బయటికి మాట పోవాలంటే మాత్రం నా ఓటు హ్యామ్ రేడియోకే. ఇది నా ఇష్టం కొద్దీ చెప్పడం లేదు. 1999లో ఒడిశాలో అన్నీ తెగిపోయినప్పుడు మాట మోసింది హ్యామ్‌లే. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని హ్యామ్ రేడియో జాతీయ సంస్థ నుంచి భారతీ ప్రసాద్ గారి బృందం అండమాన్‌కు వెళ్లింది. అప్పుడు అది సరదా ప్రసారాల యాత్ర. 26న సునామీ వచ్చి పోర్ట్ బ్లెయిర్ ఫోన్లు మూగబోయాయి. ఆవిడ స్టేషనే ప్రధాన భూభాగానికి మాట పంపే దారి అయింది. అక్కడివాళ్లు బతికే ఉన్నారని వాళ్ల చుట్టాలకు ఆ సెట్టు మీదుగానే కబురందింది. మీ ఊళ్లో ఇంటరో, డిప్లొమానో చదివే ఇద్దరిని, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, పరీక్ష రాయించండి. పన్నెండేళ్లు నిండితే చాలు, కొంచెం ఎలక్ట్రానిక్స్, కొన్ని నిబంధనలు చదువుకోవాలి. లైసెన్సు చేతికి రావడానికి నెలలు పట్టొచ్చు, కాబట్టి ఈ సీజనుకు దాని మీద ఆధారపడకండి. లైసెన్సు వచ్చాకే సెట్టు కొనండి.

కొన్న తరవాత వాటి ఆలనాపాలనా చూడాలి. తీరంలో ఒక ఊరికి దాతలు మంచి సెట్లు కొనిచ్చారు. తుఫాను వస్తోందని మేం తనిఖీకి వెళితే బీరువాకు తాళం. తాళంచెవి ఉన్నాయన పెళ్లికని రాజమండ్రి వెళ్లారు. తాళం పగలగొట్టి చూస్తే బ్యాటరీలు ఉబ్బి, ఆకుపచ్చ పొక్కులు కట్టి ఉన్నాయి. కొన్న రోజు నుంచి ఎవరూ చార్జింగ్ పెట్టలేదు. తప్పు ఏ ఒక్కరిదో కాదు, ఎవరి పనో రాసిపెట్టలేదు, అంతే. మీరు ప్రతి నెలా మొదటి ఆదివారం అన్నీ బయటికి తీసి చార్జింగ్ పెట్టి, మైకులో ఒక పాట వేయండి. ఊరంతా విన్నదంటే పరీక్ష అయినట్టే. తాళంచెవులు మూడు ఉండాలి, అందులో ఒకటి షెల్టరుకు దగ్గరగా ఉన్న ఇంటి ఇల్లాలి దగ్గర. ఒక మంచి ఇన్వర్టరు బ్యాటరీ, దానికి సరిపడా సోలార్ పలక కూడా కొనండి. మైకు, ఫోన్లు, ఒక లైటు దాని మీదే నడుస్తాయి. ఇవన్నీ కలిపినా మీ రెండు లక్షల్లో మిగులు ఉంటుంది. మిగిలినదానితో పేటకో ట్రాన్సిస్టర్ కొనండి. ఏ స్టేషను మీ ఊళ్లో రాత్రి కూడా స్పష్టంగా వస్తుందో ముందే పట్టుకుని, ఆ నంబరు రేడియో వెనక స్కెచ్ పెన్నుతో రాయండి. టవర్లు పడ్డా వంద కిలోమీటర్ల అవతలి రేడియో స్టేషను పలుకుతూనే ఉంటుంది.

మైకు కంటే మైకులో చెప్పే మాట ఇంకా ముఖ్యం. "గంటకు 110 నుంచి 120 కిలోమీటర్ల వేగంతో గాలులు, ఒక మీటరు ఎత్తున ఉప్పెన" అని బులెటిన్‌లో ఉన్నది ఉన్నట్టు చదివితే విన్నవాళ్లకు ఏమీ అంటదు. నేను ఒక పెద్దావిడ దగ్గర ఈ పాఠం నేర్చుకున్నాను. షెల్టరుకు రమ్మంటే రానంది. "మీటరంటే ఎంతరా అబ్బాయి?" అని అడిగింది. ఆవిడ ఇంటి గోడ దగ్గర నిలబడి నా నడుం మీద చెయ్యి పెట్టి చూపించాను. గూట్లో ఉన్న దీపం వైపు చూసింది, నా చెయ్యి వైపు చూసింది. ఇంకో మాట మాట్లాడకుండా పట్టా పాస్‌బుక్కు, మందుల సంచీ తీసుకుని బయటికొచ్చింది. కాబట్టి మీ ఊరి మాటల్లో చెప్పండి. "ఈ గాలికి పెంకుటిళ్లు, తాటాకిళ్లు నిలవవు. చీకటి పడేసరికి చెరువు రోడ్డు మీద నడుంలోతు నీళ్లు వస్తాయి. ఐదు గంటల లోపు స్కూలుకు రండి. పశువుల తాళ్లు విప్పేయండి." ఎక్కడికి, ఎప్పటిలోగా, ఏం తీసుకుని, ఈ మూడూ లేని ప్రకటన గాలిలో కలిసిపోతుంది. 1996లో నీళ్లు ఎంత ఎత్తున వచ్చాయో పెద్దవాళ్లను అడిగి స్కూలు గోడ మీద నీలం గీత గీయించండి. తుఫాను కన్ను గురించి కూడా మైకులో తప్పకుండా చెప్పాలి. గాలి ఒక్కసారిగా ఆగిపోయి ఆకాశం తేటపడితే అయిపోయిందనుకుని బయటికి వస్తారు, ఇల్లు చూసుకుందామని పోతారు. కాసేపటికి గాలి అటువైపు నుంచి ఇంకా గట్టిగా కొడుతుంది.

వాట్సాప్ గ్రూపు గురించి ఒక్క మాట. ఎప్పటిదో, ఏ దేశానిదో వీడియో పెట్టి "గట్టు తెగింది" అని పంపేవాళ్లు ఉంటారు. తుఫాను మూడు రోజులూ గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాసేలా మార్చేయండి. వాతావరణ శాఖ మూడు గంటలకోసారి బులెటిన్ ఇస్తుంది. అదొక్కటే పెట్టండి.

మీ ఊరి నుంచి సముద్రం మీదికి వెళ్లేవాళ్లు ఉంటే వాళ్లది వేరే లెక్క. 1996లో భైరవపాలెం, బలుసుతిప్ప వైపు ఇళ్లలో ఏడుపులు నేను విన్నాను. 2017 నవంబరు చివర్లో ఓఖీ తుఫానులోనూ కన్యాకుమారి, కేరళ జాలర్లకు అదే జరిగింది. వాళ్లు అప్పటికే సముద్రంలో ఉన్నారు, హెచ్చరిక వాళ్లను చేరలేదు. ఒడ్డు నుంచి పది పదిహేను కిలోమీటర్లు దాటితే సెల్ అందదు. పెద్ద మరబోట్లలో వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టు ఉంటుంది, 16వ చానల్ ఎప్పుడూ తెరిచి పెట్టమని సరంగులకు చెప్పాలి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్లు గగన్ ఉపగ్రహ వ్యవస్థ ద్వారా బోటులోని ఫోన్‌కు హెచ్చరిక చేర్చే జెమిని అనే చిన్న పరికరం 2019లో తెచ్చారు. బోటు ఉన్నవాళ్లు మత్స్యశాఖ ఆఫీసులో దాని గురించి అడగాలి. అన్నిటికంటే ముందు, ఒడ్డున ఒక నోటు పుస్తకం పెట్టండి. ఏ బోటు, ఎంతమంది, ఎప్పుడు పోయారు, ఎప్పుడొస్తామన్నారు, రాసుకోండి. సముద్రంలో ఆపదకు కోస్ట్‌గార్డ్ నంబరు 1554.

ఇప్పుడు హైదరాబాద్‌లో కూర్చుని టెన్షన్ పడే మీ సంగతి. ఊరి నుంచి బయటికి ఉండే సన్నని దారిని మనమే కిక్కిరిసిపోయేలా చేస్తాం. ఒక్కో ఇంటికి ఐదుగురు చుట్టాలు పదేసిసార్లు ఫోన్ చేస్తే, బ్యాటరీ మీద కొట్టుమిట్టాడుతున్న ఆ టవరు కూడా చేతులెత్తేస్తుంది, అమ్మ ఫోన్ చార్జింగూ అయిపోతుంది. బయట ఉన్నవాళ్లలో ఒకరిని ఊరికి కబురు మనిషిగా పెట్టుకోండి, అది మీరే కావచ్చు. ఊళ్లో ప్రతి ఇంటి నుంచి కాల్ కాదు, ఒక్క ఎస్సెమ్మెస్: ఇంటిపేరు, ఎంతమంది, ఎక్కడ, ఏం కావాలి. "నలుగురం, స్కూల్లో ఉన్నాం, నాన్నకు షుగర్ మందు రెండు రోజులకే ఉంది." కాల్ పోని చోట కూడా ఎస్సెమ్మెస్ సందు దొరికినప్పుడు పోతుంది, దానికి క్షణం పాటు సిగ్నల్ దొరికినా చాలు. మీరు వాటిని ఒక కాగితం మీద రాసి మిగతావాళ్లకు చెప్పండి. అవసరమైతే జిల్లా కంట్రోల్ రూమ్ 1077కు, రాష్ట్ర కంట్రోల్ రూమ్ 1070కి ఆ కాగితం చదివి వినిపించండి. హైదరాబాద్ నుంచి 1077 కొడితే అక్కడి జిల్లాకే పోతుంది, కాబట్టి ముందు మీ జిల్లా ఎస్‌టీడీ కోడ్ వేసి కొట్టాలి. తుఫాను రోజు ఊళ్లో ఫోన్లు ఆపేసి ఉంచి, ఉదయం ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఆరుకు పది నిమిషాలు మాత్రమే తెరవమనండి. అలా చేస్తే ఒక్క చార్జింగు మూడు రోజులొస్తుంది. కానీ తుఫాను ఇంకా తీరం దాటకముందు మాత్రం ఇంటికి ఒక ఫోన్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాల్సిందే, బ్రాడ్‌కాస్ట్ మోత వినపడాలి కదా. ఇంకోటి, ఈ మధ్య పెద్ద తుఫానుల్లో టెలికం శాఖ అన్ని కంపెనీల టవర్లనూ అందరికీ తెరుస్తోంది. మీ సిమ్ కంపెనీ టవరు పడిపోతే ఫోన్ సెట్టింగుల్లో నెట్‌వర్క్‌ను చేత్తో ఎంచుకుని, పక్క కంపెనీది పట్టుకోవచ్చు. ఈ పని అమ్మకు ఇప్పుడే, నెట్‌వర్క్ ఉన్నప్పుడే చేసి చూపించండి.

గాలి ఒక్కటే అనుకోవద్దు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు అక్కడ పెద్ద గాలి లేదు. నీళ్లు, చీకటి, చార్జింగ్ అయిపోయిన ఫోన్లు. డ్రోన్లతో అన్నం పొట్లాలు దించారు, అది గొప్ప సాయమే. కానీ ఏ మేడ మీద పసిబిడ్డ ఉందో, ఏ ఇంట్లో డయాలసిస్ మనిషి ఉన్నాడో డ్రోనుకు తెలియదు. ఆ లిస్టు ఊళ్లో ఆశా కార్యకర్త దగ్గర, అంగన్‌వాడీ టీచరు దగ్గర ఉంటుంది. వాళ్లిద్దరూ లేకుండా మీ కమిటీ వేయకండి. నెలలు నిండినవాళ్లు, మంచంపట్టినవాళ్లు, చెవులు వినపడనివాళ్లు ఎవరెవరో ఒక పేజీలో రాసి, ఒక్కో పేరు పక్కన వెళ్లి తీసుకురావాల్సిన కుర్రాడి పేరు రాయండి. చెవులు వినపడని మనిషికి మీ నాలుగు హారన్లూ దండగే, వెళ్లి భుజం తట్టే మనిషి కావాలి.

డబ్బు ఖర్చు పెట్టకముందు ఒక పని చేయండి. వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఊళ్లో అందరూ ఫోన్లు పక్కన పెట్టాలి, మైకు కూడా వేయొద్దు. పంచాయతీ దగ్గర ఒక చిన్న మాట పుట్టించండి, "స్కూలు దగ్గరికి రండి" లాంటిది. అది మనుషుల నోటి మీద, కాళ్ల మీద చివరి ఇంటికి చేరడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం పెట్టి చూడండి. అసలు చేరని ఇళ్లు ఏవో గుర్తు పెట్టుకోండి. ఆ నిమిషాలు, ఆ ఇళ్లు ఊరి మ్యాపు మీద గీసి నాకు పంపండి. హారన్లు ఎక్కడ కట్టాలో, సెట్లు ఎవరి చేతికి ఇవ్వాలో దాన్ని చూసి చెబుతాను.